చెరకు కొట్టిన నాలుగో రోజు: మొక్కల్లో చక్కెర, పిండి మీద పరిశోధన అంటే ఏం చేస్తారు?

ప్రశ్న అడిగిన అమ్మాయిది రాజాం దగ్గర పల్లె. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి ఏడు. ప్రాజెక్టుకి మొక్కల కార్బోహైడ్రేట్ మెటబాలిజం, అంటే మొక్క చక్కెర, పిండి తయారుచేసుకుని వాడుకునే తీరు, తీసుకుందామనుకుంటే సీనియర్లు వద్దన్నారట. "కాల్విన్ సైకిల్, గ్లైకాలిసిస్ అన్నీ పుస్తకంలో ఉన్నాయి, కొత్తగా తేల్చేదేముంది, జీన్ల మీద ఏదైనా చూసుకో" అన్నారట. "మా ల్యాబ్‌లో కలరీమీటరు, వాటర్ బాత్, ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ తప్ప ఏమీ లేవు మాస్టారూ. ఈ రంగంలో ఉన్నవాళ్ళు రోజూ ఏం చేస్తారు? మా దగ్గర ఏమైనా చేయగలమా?" అని అడిగింది.

అమ్మా, నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని చేశాను. పుట్టింది నాగావళి ఒడ్డున, చెరకు పండించే ఇంట్లో. మా మండలం అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం. నీ ప్రశ్న చదవగానే మా గానుగ గుర్తొచ్చింది, అందుకే జవాబు కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

మీ సీనియర్లు చెప్పినదాంట్లో సగం నిజం. కాల్విన్ సైకిల్ ఆకు గాలిలోని కార్బన్‌తో చక్కెర కట్టే దారి, గ్లైకాలిసిస్ ఆ చక్కెరను విరిచి శక్తి తీసే దారి. ఏ ఎంజైము (కణంలో రసాయన మార్పులు జరిపించే ప్రోటీను) దేన్ని దేనిగా మారుస్తుందో ఆ దారుల పటం చాలావరకు గీసేశారు. కానీ పటంలో రోడ్లుంటాయి, రోడ్ల మీద బళ్ళు కనబడవు. ఏ వేళకి ఏ రోడ్డు మీద ఎంత సరుకు పోతోంది, ఎక్కడ దింపుతున్నారు, దాచినదాన్ని మళ్ళీ ఎప్పుడు తీస్తున్నారు, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది? నేను పనిచేసినన్నాళ్ళూ నా ప్రశ్న ఇదొక్కటే. చెరకు ఆకుల్లోనైనా, దుంపల్లోనైనా అడిగింది అదే.

ఆ ప్రశ్న నాకు మొదట మా గానుగ దగ్గరే ఎదురైంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఏడు, సంక్రాంతి దాటాక చెరకు కొట్టి గానుగ పక్కన కుప్ప వేశాం. మర్నాడు ఇంజను పాడైంది. సామాను తెచ్చి బాగుచేయించి మళ్ళీ తిప్పేసరికి నాలుగో రోజు. రసం రంగు కాస్త మారింది, రుచి చూస్తే మాత్రం తియ్యగానే ఉంది. పెనం పొయ్యి మీదికెక్కింది. పిప్పి మంట, సున్నం తేట, బెండ జిగురు వేసి మడ్డి తీయడం, అన్నీ రోజూ చేసేవే. పాకం చూడ్డానికి నాన్న చల్లనీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి వేలితో నొక్కేవాడు. మిగతా రోజుల్లో గట్టి ఉండయ్యేది, ఆ రోజు మైనంలా సాగింది. ఇంకాసేపు కాచాడు. మాడు వాసన మొదలైంది గాని ఉండ కట్టలేదు. చివరికి అచ్చుల్లో పోశారు. తెల్లారి చూస్తే దిమ్మ కింద తేనెలాగా కారి ఉంది. ఆ బెల్లాన్ని అనకాపల్లి తీసుకెళ్ళే ముఖం లేక దాణాలో కలిపేశాం. "కొట్టిన చెరకు పడుకోకూడదురా, పడుకుందంటే పులుస్తాది" అన్నాడు నాన్న.

పులవడం అందులో ఒక భాగమే. కోసిన చోట సూక్ష్మజీవులు చేరి రసాన్ని ఆమ్లంగా చేస్తాయి, చక్కెరను జిగురుగా మారుస్తాయి. కానీ అంతకు ముందే, ఏ సూక్ష్మజీవీ అక్కర్లేకుండా, గడలోనే ఇంకో పని జరుగుతుంది. చెరకులో దాచిన చక్కెర సుక్రోజు, అంటే గ్లూకోజు, ఫ్రక్టోజు అతుక్కుని ఉన్న జంట. గడలో ఇన్వర్టేజు అనే ఎంజైము ఉంది. అది ఒక నీటి అణువును తెచ్చి ఆ అతుకు మధ్యలో పెట్టి జంటను విడదీస్తుంది. 342 గ్రాముల సుక్రోజు విడిపోతే 360 గ్రాముల గ్లూకోజు, ఫ్రక్టోజు వస్తాయి, ఆ 18 గ్రాములు నీటివి. ఫ్రక్టోజు సుక్రోజు కంటే తియ్యన కాబట్టి నాలుకకి తేడా అందదు. పెనానికి అందుతుంది. విడిపోయిన చక్కెరలు గడ్డకట్టవు, గాలిలో తేమ పీల్చుకుంటాయి, పక్కనున్న సుక్రోజును కూడా పలుకు కట్టనివ్వవు. మా దిమ్మ కారిపోయింది అందుకే. సున్నం తేట కూడా మడ్డి కోసమే కాదమ్మా. ఆమ్లంలో కాగితే సుక్రోజు దానంతటదే విడిపోతుంది. సున్నం ఆ పులుపును విరుస్తుంది. మా నాన్నకి ఈ రసాయనం తెలియదు, ఎంత వేయాలో మాత్రం రంగు చూసి చెప్పేవాడు.

ఇక్కడ ఆగి ఆలోచించు. బెల్లాన్ని పాడుచేసే ఈ ఇన్వర్టేజును చెరకు తనలో ఎందుకు పెట్టుకుంది?

ఎదుగుతున్న లేత కణుపుకి అది కావాలి. ఆకు పంపిన సుక్రోజును విడదీసుకుంటేనే కొత్త కణాలకి సామాను, శక్తి. కణుపు ముదిరి ఎదుగుదల ఆగాక ఆ ఆమ్ల ఇన్వర్టేజు తగ్గిపోతుంది, అప్పుడు సుక్రోజు కణాల లోపలి సంచుల్లో, అంటే వాక్యూల్లో, పేరుకుంటుంది. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో గ్లాజియూ, హ్యాచ్ వాళ్ళు 1960ల మొదట్లో ఇన్వర్టేజుకీ, కణుపు ఎదుగుదలకీ, చక్కెర నిల్వకీ ఉన్న ఈ సంబంధాన్ని కొలిచి చూపించారు. మన రైతు కోతకు ముందు నీరు తగ్గించడంలో ఉన్న లెక్క ఇదే. ఆఖర్లో యూరియా వేసి నీరు పెడితే గడ మళ్ళీ ఎదుగుదలలో పడుతుంది, ఇన్వర్టేజు లేస్తుంది, దాచుకున్నది ఖర్చవుతుంది. చెరకు బరువు తూగుతుంది, బెల్లం దిగదు. ఇక గడను కొట్టేశాక, ముదురు గడలో నిద్రపోయిన ఇన్వర్టేజు మళ్ళీ పెరుగుతుంది. నాలుగు రోజులు కుప్పలో ఉంటే జరిగేది అదే.

దీన్ని మించిన చిక్కు ఒకటుంది. ఒకే కణుపులో, ఒకే సమయంలో, సుక్రోజు విడిపోతూ ఉంటుంది, మళ్ళీ తయారవుతూనే ఉంటుంది. కట్టడానికి శక్తి ఖర్చు, విప్పడంలో వచ్చేదేమీ లేదు. ఒక గదిలో గోడ కడుతుంటే పక్క గదిలో పడగొడుతున్నట్టు. మొక్క ఇంత దుబారా ఎందుకు చేస్తుంది? రెండు వైపులా కదలిక ఉంటే అవసరం రాగానే తొందరగా దారి మార్చుకోవచ్చనేది ఒక సమాధానం. నాకు అది సగం తృప్తినే ఇచ్చింది. పుస్తకంలో అన్నీ ఉన్నాయన్న మీ సీనియర్లకి ఈ ఒక్క ప్రశ్న పెట్టి చూడు.

ఇందాక చెప్పిన హ్యాచ్ గురించి ఒక్క మాట. చెరకులోనే ఇంకో వింత ఉంది. హవాయి దీవుల్లో కోర్ట్‌షాక్, ఆయన తోటివాళ్ళు రేడియో కార్బన్, అంటే జాడ పట్టగలిగే కార్బన్-14, వాడి చూస్తే, కాల్విన్ చెప్పిన మూడు కార్బన్ల పదార్థం కాకుండా నాలుగు కార్బన్ల మాలేటు, ఆస్పార్టేటు ముందుగా కనబడ్డాయి. వాళ్ళ ఫలితం 1965లో అచ్చయింది. మరుసటి ఏడాది హ్యాచ్, స్లాక్ ఆ దారి ఏమిటో విప్పడం మొదలుపెట్టారు. దాన్నే ఇప్పుడు నువ్వు సీ4 అని చదువుతున్నావు. మన చెరకు, మొక్కజొన్న, చోళ్ళు ఆ జాతివి. వరి కాదు. ఎండ మండిపోతున్నప్పుడు చోడి చేను చూసి, పక్కన వరి మడి చూస్తే నీకే తేడా తెలుస్తుంది.

రోజూ ఏం చేస్తారని అడిగావు. నిజం చెప్పాలంటే, రోజులో ఎక్కువ భాగం ఎంజైముల్ని ఆపడంలోనే పోతుంది. చెబితే వింతగా ఉంటుంది గాని ఈ రంగంలో మనుషులు తేలిపోయేది ఇక్కడే. ఆకులో కాల్విన్ సైకిల్ పదార్థాలు కొన్ని సెకన్లలో, కొన్నైతే సెకను లోపే, ఖర్చయి మళ్ళీ తయారవుతుంటాయి. నువ్వు ఆకు కోసిన క్షణం నుంచి అది వేరే ఆకు. కాల్విన్ బృందం పల్చటి గాజు పాత్రలో నాచును ఉంచి, దీపాల మధ్య పెట్టి, కార్బన్-14 ఇచ్చి, కొన్ని సెకన్లకే కింద కొళాయి తిప్పి మరుగుతున్న ఆల్కహాల్‌లోకి వదిలేది. ఆ పాత్ర గుండ్రంగా, పల్చగా ఉండేదని దానికి లాలీపాప్ అని పేరు. 1961లో కాల్విన్‌కి వచ్చిన నోబెల్ వెనక ఆ కొళాయి తిప్పిన వేగం ఉంది. ఆయనతో పాటు బెన్సన్, బాషమ్ చేసిన చాకిరీ కూడా ఉంది.

నాకు ఈ సంగతి దెబ్బ తగిలాకే ఎక్కింది. పీహెచ్‌డీ మొదటి ఏడు పొలంలో చెరకు ఆకులు కోసి, ఐస్ డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి ల్యాబ్‌కి తెచ్చి రుబ్బేవాణ్ణి. నలభై నిమిషాలు పట్టేది. మూడు నెలల అంకెలు గ్రాఫు గీసి మా గైడుగారికి చూపించాను. ఆయన గ్రాఫు వైపు చూడనే లేదు. "ఈ నలభై నిమిషాలూ ఆకు ఊరుకుందా?" అని అడిగారు. డబ్బాలో చీకటి. వెలుగు ఆగిపోయింది, సుక్రోజు తయారీ ఆగిపోయింది, ఆకు తన దగ్గరున్నది తింటూ వచ్చింది. నేను కొలిచింది చేలో ఆకును కాదు, డబ్బాలో చస్తున్న ఆకును. ఆ మూడు నెలలూ కొట్టేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తరవాత దారి దొరికింది. పశువుల ఆసుపత్రుల్లో చూడి కట్టించే సూదుల కోసం ద్రవ నత్రజని క్యాన్లు వస్తాయి కదా, అలాంటి క్యాన్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మైనస్ 196 డిగ్రీలు. పెద్ద పట్టకారుకి రెండు అల్యూమినియం బిళ్ళలు బిగించి, వాటిని అందులో ముంచి, చేలోనే, మొక్కకి ఉన్న ఆకును ఉన్నట్టే పట్టుకుని నొక్కడం. ఠప్‌మని చిన్న చప్పుడు, ఆకు గాజులా బిగుసుకుంటుంది. ఆ క్షణం ఆకులో ఏముందో అదంతా అక్కడే నిలిచిపోతుంది. అప్పుడు వచ్చిన అంకెలు మొదటిసారి నమ్మబుద్ధయ్యాయి. నీకు ద్రవ నత్రజని దొరికితే చేతికి తొడుగులు వేసుకో, పాత్ర మూత బిగించకు, తలుపులు మూసిన గదిలో పెట్టుకోకు. దొరక్కపోయినా పరవాలేదు. పెద్ద థర్మాస్‌లో వేడినీళ్ళు పోసి, 80 శాతం ఆల్కహాల్ ఉన్న గొట్టాలను మూత వదులుగా పెట్టి అందులో నిలబెట్టి చేలోకి తీసుకెళ్ళు. కోసిన ముక్క కోసినట్టే అందులో పడాలి. పొలంలో మంట మాత్రం వెలిగించొద్దు, అది ఆల్కహాల్. సెకన్లలో మారేవాటిని ఇలా పట్టలేవు, సుక్రోజు, పిండి లాంటి నిల్వలకి చాలు.

ఆ తరవాత పని సులువే. వేడి ఆల్కహాల్‌లోకి చక్కెరలు వచ్చేస్తాయి, పిండి అడుగున మడ్డిలో మిగిలిపోతుంది. ఆ మడ్డిని ఉడికించి ఎంజైముతో గ్లూకోజుగా విడదీసి కొలుస్తారు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి చెబుతాను. ఆకు పగలు చేసిందంతా పంపేయదు. కొంత పిండిగా మార్చి రాత్రికి దాచుకుంటుంది. రాత్రి వెలుగుండదు, వేళ్ళకి, మొగ్గలకి ఆకలి ఉంటుంది. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో అలిసన్ స్మిత్, జర్మనీలో మార్క్ స్టిట్, వాళ్ళ బృందాలు అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్క మీద ఏళ్ళ తరబడి దీన్ని కొలిచారు. రాత్రంతా పిండి ఒకే వేగంతో, గీత గీసినట్టు తగ్గుతుంది. తెల్లారేసరికి దాదాపు 95 శాతం ఖర్చయిపోయి ఉంటుంది, ముందుగా అయిపోదు, ఎక్కువగా మిగలదు. పన్నెండు గంటల పగలుకి అలవాటు పడిన మొక్కకి ఎనిమిది గంటలకే దీపం ఆర్పేశారు. నిల్వ తక్కువ, రాత్రి పొడుగు. మొక్క ఆ మొదటి రాత్రే ఖర్చు వేగం తగ్గించుకుంది. మళ్ళీ సరిగ్గా తెల్లవారేదాకా సరిపెట్టుకుంది.

మా అమ్మమ్మ ఇంటి ముందు ధాన్యం దాచే పురి ఉండేది. భాద్రపదం వచ్చేసరికి ఆవిడ పురి లోపలికి చెయ్యి పెట్టి తడిమి, కొత్త ధాన్యం వచ్చేదాకా ఎన్నాళ్ళుందో వేళ్ళ మీద లెక్కేసి, రోజుకి ఇన్ని కుంచాలని దంపించేది. ఉన్నది ఎంత, ఇంకా ఎన్నాళ్ళు, రెండిటినీ భాగించడం. ఆకు చేసే లెక్క అచ్చంగా ఇదే. తెల్లారడానికి ఎంతసేపుందో దాని లోపలి గడియారం చెబుతుంది, పిండి ఎంతుందో ఇంకేదో చెబుతుంది, ఆ రెండిటి భాగఫలం ఖర్చు వేగం. 2013లో జాన్ ఇన్నెస్ వాళ్ళు ఈ భాగహారం రసాయనాలతో ఎలా జరగవచ్చో లెక్క కట్టి ప్రచురించారు. పిండి ఎంతుందని తడిమి చూసే ఆ చెయ్యి ఏ అణువుది? ఇలాంటి ప్రశ్నలు నీకోసమే కాచుకుని ఉన్నాయమ్మా.

ఎంజైము పెంచేస్తే పంట పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పిండి తయారీలో మొదటి గేటు ఏడీపీ-గ్లూకోజ్ పైరోఫాస్ఫొరైలేజు అనే ఎంజైము. 1960ల్లో ఘోష్, ప్రీస్ దాని గుణం పట్టుకున్నారు. కిరణజన్య సంయోగక్రియ బాగా నడుస్తున్నప్పుడు పేరుకునే 3-ఫాస్ఫోగ్లిసరేటు దాన్ని పరిగెత్తిస్తుంది, ఫాస్ఫేటు ఆపుతుంది. 1992లో అమెరికాలో ఈ ఆపుదలకి లొంగని బాక్టీరియా ఎంజైమును బంగాళాదుంపలో పెట్టారు. పిండి సుమారు మూడో వంతు పెరిగింది. అందరం పండగ చేసుకున్నాం. కొన్నేళ్ళకి కేంబ్రిడ్జిలో టామ్ అప్ రీస్ బృందం ఇంకో రకం దుంపలో అదే చేసింది. ఎంజైము పెరిగింది, పిండి తయారీ పెరిగింది, పిండి విరిగిపోవడం కూడా పెరిగింది. నిల్వ ఎక్కడిదక్కడే. పై నుంచి పోస్తుంటే కింద కన్నం పెద్దదైంది. ఆ పేపరు చదివాక నేను గ్రాముల్లో నిల్వ ఒక్కటే కొలవడం మానేశాను. రాక, పోక రెండూ చూడకపోతే నిల్వ అంకె మోసం చేస్తుంది.

జీన్ల మీద చూసుకోమన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. మెండెల్ 1866లో రాసిన ముడతల బఠానీ నీకు తెలుసు. ఆ ముడత ఎందుకు పడుతుందో తేలింది 1990లో. జాన్ ఇన్నెస్ వాళ్ళే చూపించారు. పిండికి కొమ్మలు వేసే ఎంజైము జీన్‌లో దాదాపు 800 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి దూరి దాన్ని పాడుచేసింది. కొమ్మల్లేక పిండి తక్కువ చేరింది, ఖర్చు కాని సుక్రోజు గింజలో మిగిలింది, సుక్రోజు నీటిని లాక్కుంది, ఉబ్బిన గింజ ఆరేటప్పుడు తోలు ముడుచుకుంది. జీన్ దొరికితే చాలదు, అది లేకపోతే పిండికి ఏమైందో, నీటికి ఏమైందో ఎవరో కొలవాలి. ఆ కొలిచేవాళ్ళ కొరత ఎప్పుడూ ఉంటుంది. నువ్వు కలరీమీటరు ముందు చేతులు తిప్పడం నేర్చుకో, జీన్ల పని ఆ తరవాత నేర్చుకోవచ్చు. ఇది నా గట్టి నమ్మకం.

ల్యాబ్‌లో ఏమీ లేదన్నావు. అర్జెంటీనాలో లూయీ లెలుయార్ 1947లో బ్వేనస్ ఐరెస్‌లో చిన్న ఇంట్లో పని మొదలుపెట్టాడు. చల్లబరిచే సెంట్రిఫ్యూజ్ లేక, టైరు ట్యూబుల్లో మంచు నింపి మామూలు సెంట్రిఫ్యూజ్‌కి చుట్టి వాడుకున్నారు వాళ్ళు. ఆ బృందమే 1950లో యూడీపీ-గ్లూకోజు, అంటే కణం వేరే అణువులకి అతికించడానికి సిద్ధం చేసుకున్న గ్లూకోజు, ఏమిటో చెప్పింది, 1955లో దాని నుంచి మొక్కలో సుక్రోజు ఎలా తయారవుతుందో చూపించింది, తరవాత పిండి తయారీకి మొక్క ఏడీపీ-గ్లూకోజు వాడుకుంటుందని తేల్చింది. 1970లో ఆయనకి నోబెల్ వచ్చింది. నువ్వు పుస్తకంలో బట్టీపట్టే బాణం గుర్తులు కొన్ని ఆ ట్యూబుల మధ్య పుట్టినవే.

నీ ప్రాజెక్టు సంగతికొద్దాం. మీ ఊళ్ళో చెరకుంటే అదే తీసుకో. ఒకే చేలో, ఒకే రకం, ఒకే ఈడు గడలు ముప్పై కొట్టించు. సగం నీడలో, సగం ఎండలో పెట్టు. కొట్టిన గంటలోపు మొదటి శాంపిల్, తరవాత రోజుకొకటి, ఐదు రోజులు. ప్రతిసారీ మధ్య కణుపే తీసుకో, మొదలు, కొస కలిపావంటే లెక్క కలగాపులగం అవుతుంది. ప్రతి గడనీ ముందే తూచి చీటీ కట్టు. ఎందుకో చెబుతా. ఫ్యాక్టరీ ఫీల్డుమేన్లు చేతిలో పట్టుకునే బ్రిక్స్ మీటరు చూశావా? రసం చుక్క వేసి వెలుగుకి పెట్టి చూస్తే అంకె కనబడుతుంది. మూడో రోజు ఆ అంకె పెరుగుతుంది. చక్కెర పెరిగిందని సంబరపడకు. గడ ఎండి నీరు పోయింది, అంతే. సుక్రోజు పక్కన విరిగిపోతూనే ఉంటుంది, విరిగిన ముక్కల్ని కూడా బ్రిక్స్ మీటరు చక్కెర కిందే లెక్కేస్తుంది. గడ బరువు ఎంత తగ్గిందో తెలిస్తేనే అసలు నష్టం తేలుతుంది.

విడిపోయిన చక్కెరలకి డీఎన్ఎస్ అనే రంగు మారే మందుతో చేసే పద్ధతి, కలరీమీటరులో 540 నానోమీటర్ల దగ్గర రీడింగు. సుక్రోజు దానికి రంగివ్వదు, గ్లూకోజు, ఫ్రక్టోజు ఇస్తాయి. అదే రసంలో కొంత తీసి పల్చటి ఆమ్లంతో వేడిచేసి, క్షారంతో విరిచి మళ్ళీ చూడు. రెండింటి తేడాలోంచి సుక్రోజు వస్తుంది. ఇంకొక్క అడుగు వేయగలిగితే ఇన్వర్టేజునే కొలువు. కణుపును చల్లటి బఫర్‌లో దంచి, వడగట్టి, చక్కెర లాంటి చిన్న అణువులు బయటికి పోయే డయాలిసిస్ గొట్టంలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. లేకపోతే రసంలో ముందే ఉన్న చక్కెర నీ కొలతను ముంచేస్తుంది. ఆ తరవాత కొత్త సుక్రోజు ఇచ్చి, పీహెచ్ 5 (ఆమ్లం) దగ్గర ఒకసారి, 7 (తటస్థం) దగ్గర ఒకసారి కొలువు. పక్కన మరిగించిన రసంతో ఒక గొట్టం తప్పనిసరి. మరిగించినదాంట్లో కూడా రంగొస్తే అది ఎంజైము పని కాదు, ఎక్కడో తప్పు జరిగింది, వెనక్కెళ్ళు. ఈ గొట్టం పెట్టని థీసిస్‌లు నేను చాలా వెనక్కి పంపాను.

చెరకు దొరకని రోజుల్లో అరటికాయ తీసుకో. పచ్చి కాయ గుజ్జులో ఇరవై శాతం దాకా పిండి ఉంటుంది, పండేసరికి ఒకటి రెండు శాతమే. మందుల షాపులో దొరికే బెటాడిన్ చుక్క కోసిన ముక్క మీద వేస్తే పచ్చికాయ నల్లగా మారిపోతుంది, పండు పెద్దగా మారదు. మధ్యరకం కాయలో నలుపు ఎక్కడి నుంచి పోతూ వస్తోందో చూడు. అరగంట సేపు కళ్ళు తిప్పుకోలేవు.

ఇంకొకటి నా మనసులో ఎప్పటినుంచో ఉంది. మన తేగ. తాటి టెంకలు పాతర వేస్తాం, సంక్రాంతికి తవ్వుతాం. టెంక పగలగొడితే అంచున రాయిలాంటి తెల్లటి గుజ్జు, మధ్యలో మెత్తటి తియ్యటి బుర్రగుంజు. ఆ రాయిలో పిండి ఉండదు. అది మానన్ అనే గట్టి పాలిసాకరైడు, మానోజు చక్కెర గొలుసు. ముంజగా ఉన్నప్పుడు అదే మనం జుర్రుకుని తిన్న జిగురు. బుర్రగుంజు దాన్ని అంచు నుంచి కరిగించుకుంటూ పీల్చుకుంటుంది, చక్కెరగా మార్చి కిందికి పంపుతుంది, మట్టిలోకి దిగిన మొలకలో అది పిండిగా చేరుతుంది. తంపటి వేసి మనం తినే తేగ ఆ పిండే. ఒక టెంకలో రాయి తియ్యదనమైంది, తియ్యదనం పిండైంది, మూడూ ఒకే రోజున చేతిలో పట్టుకుని చూడొచ్చు. పాతర వేసిన నాటి నుంచి వారానికి ఐదు టెంకలు తీసి, మూడు భాగాలూ వేరుచేసి, ఎండబెట్టి తూచి, చక్కెర, పిండి కొలుస్తూ పోతే ఎంత అందమైన గ్రాఫు వస్తుందో. ఉద్దానం వైపు వాళ్ళకి కొబ్బరి పువ్వు ఉంది, అదీ ఇలాంటి పీల్చే అవయవమే, కాకపోతే అక్కడ నూనె కూడా చక్కెరగా మారాలి, లెక్క ఇంకో మెట్టు కష్టం.

ముందు చదువు గురించి. నెట్ రాయి, గేట్ రాయి. చెరకు అయితే కోయంబత్తూరులో 1912లో పెట్టిన చెరకు ప్రజనన సంస్థ, దుంపలకి తిరువనంతపురంలో సీటీసీఆర్ఐ, వరికి రాజేంద్రనగర్‌లో ఐఐఆర్ఆర్, మొక్కల జీన్లకి ఢిల్లీలో ఎన్ఐపీజీఆర్ ఉన్నాయి. దగ్గరలో అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రానికి, నైరా వ్యవసాయ కళాశాలకి ఒకసారి వెళ్ళి మనుషులతో మాట్లాడు. అడిగితే విత్తనపు గడలు, సలహా రెండూ దొరుకుతాయి, సిగ్గుపడకు.

ఇప్పటికి ఒక్కటే చెయ్యి. వచ్చే ఆదివారం రెండు గడలు కొట్టి, ఒకదాని రసం అప్పుడే తియ్యి, ఇంకోదాన్ని నాలుగు రోజులు గుమ్మం పక్కన పెట్టి తియ్యి. రెండు రసాలూ ఒకే పలచన చేసి, ఏ రసానికి ఆ రోజే, ఒకే తీరుగా బెనెడిక్ట్ పరీక్ష (విడిపోయిన చక్కెరలుంటే రంగు మారే పరీక్ష) పెట్టు. మొదటిది ఏ రంగు, రెండోది ఏ రంగు, ఎన్ని నిమిషాలకి మారింది, నోటుబుక్కులో తారీకు వేసి రాసుకుని ఇక్కడ చెప్పు. గడల బరువు తూచడం మరిచిపోకు.